పసుపు రేకు మీద ముగ్గు

ఆర్మూర్,
18 ఫిబ్రవరి 2002

తమ్ముడు దయానంద్‌కు,

అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను, గిర్ని కూడా బాగానే ఉంది. చెవులు మాత్రం నువ్వు పోయినసారి చూసినప్పటి కంటే ఇంకా మందగించాయి. ఫోను చేస్తే నువ్వు మాట్లాడేది నాకు వినబడదు, నేను అరిచేది వీధంతా వింటుంది. నీకూ నాకూ మధ్య మాత్రమే ఉండవలసిన సంగతులు ఈసరికే కిరాణా కొట్టు దాకా తెలిశాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బావ పోయినప్పటి నుండి ఈ పసుపు పట్టే గిర్నే నాకింత అన్నం పెడుతున్నదని నీకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ గిర్నిలో ఒక వింత మొదలైంది. సంచులు పెట్టుకోవడానికి ఒక చదరపు ఇనుప రేకు కొని, గిర్ని పక్కనే దాని ఇనుప కాలికి బిగించాను. నాలుగు మూలలా నాలుగు బోల్టులు వేస్తానని మేస్త్రీ అన్నాడు. నడుమ ఒక్కటి చాలు పో అన్నాను. ఆ పిసినారితనానికి ఫలం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మొన్న మాక్లూర్ నుండి సత్తవ్వ పసుపు కొమ్ములు తెచ్చింది. మొదటి విడత పట్టిన రవ్వను రెండోసారి పోయడానికి ఎత్తుతుంటే కొంత ఆ రేకు మీద ఒలికింది. గిర్ని నడుస్తున్నది. ఒలికిన రవ్వ ఊరికే ఉండకుండా అటూ ఇటూ గెంతి, గీతలు గీతలుగా కూడుకుని, చక్కటి పువ్వు ముగ్గు అయి కూర్చుంది.

“ఎవలేసిండ్రు బిడ్డా గీ ముగ్గు?” అని సత్తవ్వ అడిగింది.

“ఎవ్వలెయ్యలే అవ్వా. అదే పడ్డది” అన్నాను.

“అదే ఎట్ల పడ్తది? తల్లి ఏసింది గని” అని చెప్పులు విడిచి దండం పెట్టింది.

చీపురుతో ఊడ్చేశాను. మళ్ళీ రవ్వ పడింది, మళ్ళీ ముగ్గు వచ్చింది. సాయంత్రానికి వీధి వీధంతా వచ్చి చూసింది. ఇవాళ పొద్దున కొందరు పసుపు తేకుండా ఉత్త చేతులతో వచ్చారు. వాళ్ళు చూసి పోతారు గాని పసుపు పట్టించుకోరు, పట్టించుకునేవాళ్ళకు లోపలికి రావడానికి సందు ఉండదు. సీజను మొదలైనప్పుడే ఇలా అయితే ఏడాదంతా నేను ఏం తినాలి?

నువ్వు కాలేజీలో పిల్లలకు చెప్పేది ఇలాంటివే కదా. ఇదేమిటో తేలిక మాటల్లో రాయి. అందరికీ చదివి వినిపించి నా పని నేను చేసుకుంటాను.

మీ అక్క
భాగ్యలక్ష్మి


ఇల్లెందు,
24 ఫిబ్రవరి 2002

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం క్లాసుకు వెళ్తూ అందుకున్నాను. వరండాలోనే నిలబడి చదివాను, క్లాసు సంగతి మరచిపోయాను. పిల్లలు కూడా నాకు గుర్తు చేయలేదు.

అక్కా, నీ రేకు మీద జరుగుతున్నది మా పుస్తకంలో ఒక పూర్తి అధ్యాయం. జాగ్రత్తగా చదువు. బట్టలు ఆరేసే తాడు ఒక కొన పట్టుకుని జాడిస్తే ఒక వంపు బయలుదేరి రెండో కొన దాకా పోతుంది. తాడు ఎక్కడికీ పోదు, వంపు మాత్రమే పోతుంది. అదే తరంగం. తరంగం ప్రయాణిస్తుంది, పదార్థం ఉన్నచోటనే ఊగుతుంది. గిర్ని అదురు నీ రేకులో ఇలాంటి తరంగాలను పుట్టిస్తున్నది.

సెకనులో ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని పౌనఃపున్యం అంటారు. ఒక వంపు నుండి పక్క వంపుకు ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. గిర్ని జోరు పెరిగితే మొదటిది పెరిగి రెండోది తగ్గుతుంది, అప్పుడు గీతలు ఒత్తుగా వస్తాయి. జోరు తగ్గితే గీతలు పలచబడతాయి. ఎంత గట్టిగా ఊగుతుందన్నది వేరే సంగతి. దాన్ని కంపన పరిమితి అంటారు, దానివల్ల రవ్వ ఎత్తుగా ఎగురుతుంది గాని ముగ్గు మారదు.

ఇక ముగ్గు ఎందుకు వస్తుంది? రేకు అంచు దాకా పోయిన తరంగానికి ఇక అవతలికి దారి లేదు కాబట్టి వెనక్కి తిరుగుతుంది. పోయే తరంగమూ తిరిగి వచ్చే తరంగమూ కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ రేకు కదలదు. వాటిని అస్పందన స్థానాలంటారు. ఊగే చోట్ల నిలవలేని రవ్వ ఎగిరెగిరి చివరికి కదలని చోట చేరి నిలుస్తుంది. అంతే అక్కా. అందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. స్థిర తరంగం ఉంది.

ఇది అందరికీ గట్టిగా చదివి వినిపించు. మూఢనమ్మకం అక్కడికక్కడే పోతుంది.

ఒక్క చిన్న మాట. రేకు తీయకు. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో పేపర్లు దిద్దడం ఉన్నాయి. మే నెలలో వస్తాను. అప్పటిదాకా రేకునూ బోల్టునూ ఎలా ఉన్నవాటిని అలాగే ఉంచు.

నీ తమ్ముడు
దయానంద్


ఆర్మూర్,
8 మార్చి 2002

తమ్ముడికి,

నువ్వు రాసింది చదివి వినిపించాను. వినిపించకపోతేనే బాగుండేది.

నా చెవుల కోసం నేనే గట్టిగా చదివాను. “నిలవలేని రవ్వ ఎగిరెగిరి చివరికి కదలని చోట చేరి నిలుస్తుంది” అనేసరికి మా వీధి నీలవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఎంత మంచి మాట చెప్పిండు బిడ్డా నీ తమ్ముడు. మన బతుకులన్ని గట్లనే గదా” అన్నది. దేవుడు లేడన్న ముక్క వాళ్ళకు వినబడలేదో, విననట్లు ఊరుకున్నారో నాకు తెలియదు. మర్నాడు మళ్ళీ చదవమన్నారు. ఇప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకు నీ ఉత్తరం చదవాలి. దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి బంతిపూల దండ కూడా వేశారు.

ఇక అడ్తిదారు గంగాదాస్. మార్కెట్ యార్డులో రైతుల పసుపు అమ్మిపెట్టి తాను కూడా ఇంత కొని దాచుకునే మనిషి. ఉత్తరమంతా విని, “అంటె గీతలు ఒత్తుగొస్తె ధర పెరుగుతదన్నట్టు, గంతేనా?” అన్నాడు. అలా ఎక్కడా రాయలేదన్నాను. పొద్దున యార్డు తెరవక ముందే వచ్చి, “అక్కా, ఇయ్యాల కొనేదుంది. జర ఇంజను మెల్లగ నడుపు” అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, “ఇయ్యాల అమ్మేదుంది. జర జోరుగ నడుపు” అన్నాడు. ఈ సంగతి రైతులకు తెలిసింది. వాళ్ళు రోజూ జోరుగానే నడపాలని నా గుమ్మం ముందు కూర్చున్నారు. మిరపకాయలు పట్టించుకోవడానికి వచ్చిన ఒక్క ఆడమనిషి వీళ్ళందరినీ చూసి భయపడి వెనక్కి పోయింది.

అంచు దాకా పోయింది వెనక్కి తిరిగి వస్తుందన్నావు కదా. ఇప్పుడు జనం రేకు అంచు దగ్గర నోరు పెట్టి కోరికలు చెప్పుకుంటున్నారు. చెప్పుకున్న కోరిక ఫలమై తిరిగి వస్తుందట. ఒకాయన ఊరు విడిచిపోయిన ఎద్దు కోసం చెప్పుకున్నాడు. ఎద్దు తిరిగి వచ్చింది. నా ఖర్మ.

ఇంకా ఉంది. కరెంటు మోటారు మీద నడిపితే పువ్వు ముగ్గు పడుతున్నది. కరెంటు పోయి ఆయిల్ ఇంజను పెడితే ఒక అడ్డ గీత, ఒక నిలువు గీత, అచ్చం సిలువ. పెర్కిట్ పాస్టరు సాలోమోను గారు వచ్చారు. మంచి మనిషి. “పసుపును మొక్కద్దని మా వాళ్ళకు చెప్పనీకే వచ్చిన అక్కా. గని చెప్పేటప్పుడు సిలువ కనబడాలె గదా. జర ఇంజను పెట్టుండ్రి” అన్నారు. అప్పటి నుండి ఒక వర్గం కరెంటు రావాలని, ఇంకో వర్గం పోవాలని కోరుకుంటున్నది. రెండు వర్గాలూ లైన్‌మన్ గంగాకిషన్ ఇంటికే పోతున్నాయి. “నాకు పైనుంచి ఆర్డరొస్తది, నా చేతిల ఏముంది?” అని అందరికీ చెబుతున్నాడు. కానీ ఒకరిచ్చే కొబ్బరికాయ గానీ ఇంకొకరిచ్చే కేకు గానీ వద్దనడం లేదు.

నిన్న పానా తీసుకుని బోల్టు విప్పబోయాను. నలుగురు ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకున్నారు. నా గిర్నిలో నా రేకును నేను ముట్టుకోరాదట.

దీన్ని ఎలా ఆపాలో రాయి. వీలైతే ఒక్కరోజు వచ్చి పో.

అక్క


ఇల్లెందు,
16 మార్చి 2002

అక్కకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత భయమేసింది. రావాలనే ఉంది కానీ ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి, సెలవు దొరకదు. అందుకని ఇక్కడి నుండే సంగతి తేల్చేస్తాను.

ముందు ఆ రెండు వర్గాల గొడవ. రెండు తరంగాలు ఎదురెదురుగా వస్తే ఢీకొని పగిలిపోవు. ఒకదాని లోపలి నుండి ఒకటి దాటుతుంది. కలిసినంతసేపు రెండింటి కదలికా కూడుతుంది, విడిపోయాక ఏమీ జరగనట్లే దేని రూపంతో అది దాని దారిన పోతుంది. దీన్ని అధ్యారోపణం అంటారు. ఈ మాట పాస్టరు గారికీ మిగతావాళ్ళకూ చెప్పు.

రెండోది, తల్లి ముగ్గు వేస్తున్నదన్న నమ్మకం. దీనికి చాలా సులువైన ప్రయోగం ఉంది. గిర్ని నడుస్తుండగా రేకు అంచున ఒక చోట వేలు ఆనించు. వేలు ఉన్నచోట రేకు ఊగలేదు, దాంతో ముగ్గు మారిపోతుంది. వేలు జరిపితే మళ్ళీ మారుతుంది. ముగ్గు వేసేది తల్లి కాదు, వేలు అని ఎవరికైనా కళ్ళముందే తెలిసిపోతుంది.

ఇంకొన్ని సంగతులు కూడా నీకు తెలియడం మంచిది. ధ్వని గాలిలో కంటే ఇనుములో ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. గాలిలో ధ్వని తాను పోయే దిశలోనే గాలిని ముందుకూ వెనక్కూ నెడుతుంది. తాడు మీది తరంగం అలా కాదు, తాను పోయేది ఒక దిశ, తాడు ఊగేది ఇంకో దిశ. ప్రతి వస్తువుకూ తనకు నచ్చిన ఊపు ఒకటి ఉంటుంది, బయటి ఊపు దానితో సరిపోతే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. దాన్ని అనునాదం అంటారు. నీ గిర్నికీ రేకుకూ అలా సరిపోయింది. ఇలా సరిపోవడం ఎంత అరుదో నీకు తెలియదు. మేస్త్రీ మాట విని నాలుగు మూలలా బిగించి ఉంటే ఇంత అందంగా వచ్చేది కాదేమో.

రేకు పొడవు, వెడల్పు, మందం కొలిచి రాయి. ఇప్పటిదాకా పడిన ముగ్గులన్నీ కాగితం మీద గీసి పంపు. మెల్లగా నడిపినప్పటివి ఒక వరుస, జోరుగా నడిపినప్పటివి ఒక వరుస. రవ్వ మరీ మెత్తగా ఉంటే గీతలు సరిగ్గా రావు, మొదటి విడతదే వాడు.

రేకు మాత్రం తీయకు అక్కా. ఆరోగ్యం జాగ్రత్త.

దయానంద్


ఆర్మూర్,
29 మార్చి 2002

దయానంద్,

నువ్వు చెప్పినట్లే అందరి ముందూ వేలు పెట్టాను. ముగ్గు మారింది. “చూసిండ్రా, ఏసేది ఏలు, తల్లి గాదు” అన్నాను. గంగాదాస్ వంగి చూసి, “అంటె ఎవ్వల ఏలుకు వాళ్ళ ముగ్గు పడ్తదన్నట్టు” అన్నాడు. ఇక చూడు, బస్టాండు దాకా వరుస కట్టారు. ఎవరి వేలికి ఏ ముగ్గు పడితే అదే వాళ్ళ జాతకం. ఇప్పుడు సంబంధాలు కూడా ఇక్కడే ఖాయం చేస్తున్నారు. పిల్ల ఒక అంచున, పిల్లవాడు ఎదురు అంచున వేలు పెట్టాలి. గీతలు కలిస్తే లగ్నం పెట్టుకోవచ్చు. సిరికొండ వాళ్ళ సంబంధం ఒకటి తప్పిపోయింది. పిల్లవాడికి గోరుచుట్టు లేచి వేలు సరిగ్గా ఆనించలేకపోయాడు. నవీపేట్ నుండి ఒక ముసలాయన తన భార్యను తీసుకొచ్చాడు. పెళ్ళయి నలభై ఏళ్ళట. గీతలు కలవలేదు. ఇద్దరూ కలిసే నవ్వుకుంటూ బస్సెక్కి పోయారు. ఈ ఊళ్ళో తెలివి మిగిలింది ఆ ఇద్దరికే, వాళ్ళు కూడా వెళ్ళిపోయారు.

నీ అధ్యారోపణం పాస్టరు గారికి చెప్పాను. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. “కలిసినంతసేపు కలిసుందాం, ఎన్కశీరి ఎవ్వల తొవ్వ వాళ్ళు పోదాం” అని అందరికీ చెప్పారు. వర్గాలు రెండూ కలిసిపోయాయి. కలిసి ఒకే కమిటీ వేశాయి. విడివిడిగా ఉన్నప్పుడు వాళ్ళలో వాళ్ళు కొట్లాడుకునేవాళ్ళు, నాకు కొంత గాలి ఆడేది. ఇప్పుడు అందరూ ఏకమై నా మీద పడ్డారు.

కమిటీ ఏం తీర్మానించిందో విను. ఉగాది నుండి గిర్నిలో పసుపు పట్టకూడదు. మిరపకాయలు అసలే వద్దు, ఘాటుకు జనం తుమ్మి తల్లి ముగ్గు చెదిరిపోతుందట. గిర్ని దర్శనం కోసం మాత్రమే నడవాలి. తాళాలు గంగాదాస్ దగ్గర ఉంటాయి. నాకు శాలువా కప్పి, రేకు పక్కన ఒక కుర్చీ వేస్తారట. “ఇన్నొద్దులు కష్టం జేసినవ్ అక్కా, ఇగ కూసో” అంటున్నారు. నిజంగా నా మేలు కోరే అంటున్నారు, అందుకే తిట్టలేకపోతున్నాను.

బావ పోయిన ఏడు అందరూ గిర్ని అమ్మేయమన్నారు. నువ్వు కూడా అన్నావు. నేను అమ్మలేదు. ఈ ఆర్మూర్‌లో ఏ పెళ్ళికి కొట్టిన పసుపైనా చూడు, సగం నా చేతి మీదుగా పోయిందే. చెవులు పోయినా గిర్ని నడుస్తున్నదని నాకు అరికాళ్ళకు తెలుస్తుంది. అందులో కొమ్ములు పడుతున్నాయా, ఉత్తగా తిరుగుతున్నదా అన్నది కూడా తెలుస్తుంది. అది ఊరికే తిరుగుతుంటే పక్కన కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు. నాకు ఏడుపొస్తున్నది.

నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. తాడు గురించి, గాలి గురించి, ఇనుము గురించి రాశావు. రేకు కొలతలు అడిగావు. ఎలా ఆపాలని నేను అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడా లేదు. చిన్నప్పుడు అమ్మ దాచిన బెల్లం నువ్వు తినేసిన రోజు, నేను ఏమీ అడగకముందే చంద్రుడు మనతో పాటు ఎందుకు నడుస్తాడో నాకు చెప్పడం మొదలుపెట్టావు. ఏదైనా దాచినప్పుడే నువ్వు ఎక్కువ మాట్లాడతావు.

నీకు తెలుసు. ఒక్క వాక్యంలో రాయి.

భాగ్యలక్ష్మి


ఇల్లెందు,
4 ఏప్రిల్ 2002

అక్కా,

ఒక గోనెసంచి తడిపి, మడతపెట్టి, రేకు కింద బోల్టు చుట్టూ గట్టిగా కుక్కు. అదురంతా ఆ సంచి తాగేస్తుంది, ముగ్గు రాదు.

నువ్వడిగిన వాక్యం పైదే. కిందిది నేను రాయవలసింది.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు ఈ సంగతి తెలుసు. ఇన్నేళ్ళుగా పిల్లలకు తరంగాలు చెబుతున్నాను. బోర్డు మీద చాక్‌పీసుతో వంకర గీత గీసి ఇదే తరంగం అంటాను, వాళ్ళు రాసుకుంటారు. మా ల్యాబులో తరంగాలు చూపడానికి ఉన్న ఒక్క సోనామీటరుకు తీగ లేదు. నేను చెప్పేదాన్ని నేను ఏనాడూ కళ్ళతో చూడలేదు. అలాంటిది నా సొంత అక్క గిర్నిలో, ఎవరూ పెట్టని ప్రయోగం దానంతట అదే నడుస్తున్నదని తెలిసింది. మేలో వచ్చి ఒక్కసారి చూద్దామనుకున్నాను. ఆపే ఉపాయం చెబితే నేను వచ్చేసరికి ఏమీ మిగలదని భయపడ్డాను. అలా వారం వారం వాయిదా వేశాను. నీ అన్నం కంటే నాకు ముగ్గు ఎక్కువైంది.

సెలవు దొరకదన్నది కూడా అబద్ధం. అడగనే లేదు. వస్తే నీ ముఖం చూసి చెప్పేస్తానని తెలుసు.

సిగ్గుగా ఉంది అక్కా. సంచి వెంటనే పెట్టు. నేను చూడాలని ఆగవద్దు.

దయా


ఆర్మూర్,
15 ఏప్రిల్ 2002

తమ్ముడూ,

ఉగాది పొద్దున ఎవరూ రాకముందే సంచి కుక్కాను. ఇక జరిగింది విను.

కమిటీ డప్పులతో వచ్చింది. గుమ్మంలోనే గిర్ని తాళాలు నా దగ్గర తీసుకుని ఒక పళ్ళెంలో పెట్టి, వాటికి పూలదండ వేసి లోపలికి తెచ్చారు. గంగాదాస్ తన చేత్తో రేకు మీద రవ్వ చల్లాడు. మోటారు వేశాను. రవ్వ చల్లినది చల్లినట్లే పడి ఉంది. కాసేపు అందరూ దండం పెట్టుకునే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే చేతులు దించారు.

“ఇంజను పెట్టుండ్రి” అన్నాడు గంగాదాస్. పెట్టాను. సిలువ రాలేదు. మెల్లగా నడపమన్నాడు, జోరుగా నడపమన్నాడు, రెండూ అయ్యాయి. ఎవరో వేళ్ళు పెట్టి చూద్దామన్నారు. కమిటీ మొత్తం రేకు చుట్టూ వంగి తలా ఒక వేలు ఆనించింది. శాలువాలు కప్పుకున్న పెద్దమనుషులు వడ్డన కోసం ఆగిన పిల్లల్లా ఆ రేకు చుట్టూ నిలబడితే, నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. గంగాకిషన్ స్తంభం ఎక్కి తీగలు చూసి దిగాడు. “లైను మంచిగనే ఉన్నది. ఇది నా డిపార్ట్‌మెంటు గాదు” అన్నాడు.

“తల్లి అలిగింది” అన్నాడు గంగాదాస్. “నేను ముందుగాలనే చెప్పిన, మొక్కద్దని” అన్నారు సాలోమోను గారు. ఆయన ముఖంలో కూడా కొంచెం బాధే ఉంది. అలిగిన తల్లిని ఎలా బతిమాలాలో కమిటీ చర్చ మొదలుపెట్టింది. శాంతి చేయాలని ఒకరు, రేకు మార్చాలని ఒకరు. వీళ్ళు ఇప్పట్లో నా గిర్ని వదలరనుకున్నాను.

అప్పుడు వెనక నుండి సత్తవ్వ వచ్చింది. మొట్టమొదట దండం పెట్టిందీ ఆమెనే. నెత్తి మీద కొమ్ముల సంచి ఉంది.

“తల్లి అలిగితె అల్గనీ, మల్ల వస్తది. మీరు మాట్లాడుకుంట కూసోండ్రి. నా మనుమరాలి పెండ్లి దగ్గర పడ్డది. పసుపు ఎవలు పడ్తరు?” అని సంచి తెచ్చి ఆ రేకు మీదనే దబ్బున దించింది. ఆమెను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు సంచులు తెచ్చి పెట్టారు. ఇన్నాళ్ళూ వాళ్ళందరూ ఇళ్ళలో కొమ్ములు పెట్టుకుని ఎదురు చూస్తున్నారట. నాకు ఆ సంగతే తెలియదు.

నేను పళ్ళెంలో నుండి తాళాలు తీసుకుని, దండతో సహా బొడ్లో దోపుకున్నాను. సత్తవ్వ పసుపు పట్టాను. తర్వాత కావాలనే మిరపకాయలు పోశాను. ముందు తుమ్మింది గంగాదాస్. కమిటీ తుమ్ముకుంటూ బయటికి పోయింది, లోపల వరుస మాత్రం కదలలేదు. కొమ్ములు పడుతున్న అదురు అరికాళ్ళకు తగిలేసరికి నాకు ఏడుపు ఆగలేదు. మిరప ఘాటుకు అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నన్ను ఎవరూ పట్టించుకోలేదు. చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది, ఇంకా పోలేదు. ముగ్గు చూడాలని ఉందక్కా అని మొదట్లోనే ఒక్క మాట రాస్తే, జనం సంగతి ఎలాగైనా చూసుకుని, తలుపులు మూసి నీ ఒక్కడి కోసం గిర్ని నడిపేదాన్ని. నువ్వు అడిగితే నేను ఏనాడు లేదన్నాను? అడగకుండా దాచావు. నేను అక్కడ ఒక్కదాన్నే నిలబడి ఉన్నానని తెలిసీ దాచావు. అది నాకు ముల్లులా గుచ్చుకున్నది.

సంచి మాత్రం తీయను. ఆరిపోకుండా పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు పోస్తున్నాను.

మేలో సెలవు పెట్టి రా. ఈసారి నిజంగా అడుగు. మిరపకాయలు ముమ్మరంగా వచ్చేది అప్పుడే, పైన డబ్బాలో పోయడానికి నాకు మనిషి లేడు. నువ్వు పోద్దువు గాని. వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకో. పసుపు మరక సబ్బుకు పోదు. ఎండలో ఆరేస్తే పోతుంది, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది.

అక్క